పేరు పెట్టి పిలిచిన గొంతు

గల్ఫులో ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేసి వచ్చినవాడికి ఊరికే కూర్చోవడం చేతకాదు. కయాక్ కొన్నాను, ఒక్కడే కూర్చుని తెడ్డేసుకునే ప్లాస్టిక్ పడవ. వద్దని మా ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. నేను వింటేనా! ఆ మంచు పొద్దున అమలాపురంలో పనుందని అబద్ధమాడి, కాట్రేనికోన అవతల, సముద్రానికి దగ్గరగా గోదావరి పాయలో దిగాను. ఎటు వెళ్తున్నానో ఎవరికీ చెప్పలేదు.

గాలం విసరడానికి చెయ్యి ఆడటం లేదని లైఫ్ జాకెట్టు విప్పి కిందేసుకు కూర్చున్నాను. బుద్ధి లేదు మరి! కాసేపటికి ఏటి మధ్య ఇసుక మేట దగ్గర గాలం చిక్కుకుంది. పడవని సగం మేట మీదకి లాగి, దిగి వెళ్లి, గాలం విడిపించుకుని వెనక్కి తిరిగేసరికి పడవ లేదు. సముద్రం పోటు మొదలైందని అప్పుడు తెలిసింది. నీళ్లు చప్పుడు లేకుండా ఎక్కుతున్నాయి. గట్టు ఏ వైపో కనపడదు. నాకు ఈత అంతంతమాత్రం.

మోకాళ్లు మునిగాక, మంచులో ఎక్కడో నా ఫోను మోగింది. పడవలో వదిలేసిన ఫోను. ఎవరో జాలరి నా పడవ పట్టుకున్నట్టున్నాడు, ఫోనెత్తి మాట్లాడుతున్నాడు. నీళ్ల మీదుగా ప్రతి మాటా చెవి పక్కనే అన్నట్టు వినపడింది.

"ఇంటావిడగారాండి? ఈ పడవ ఖాళీగా కొట్టుకొచ్చిందండి. జాకెట్టు ఉందండి. మనిషి లేరండి."

నా చావు కబురు మా ఆవిడకి చేరుతుంటే నేను నిలబడి విన్నాను. ఆమె పేరు పెట్టి అరిచాను. మళ్లీ అరిచాను.

"అమ్మా, ఎవరో ఆడమనిషిని పేరెట్టి పిలుస్తున్నారండి. ఆ పేరు మీదేనాండి?" అవతల మా ఆవిడ ఏదో చెప్పినట్టుంది. "ఆయ్... మీ ఆయనగారు కాదంటారా? ఎప్పుడూ పేరెట్టి పిలవరా?" అంతలోనే కేక పెట్టాడు. "ఓరి నాయనో! ఇది మనిషి పిలుపు కాదండి!"

తెడ్డు చప్పుడు గబగబా దూరమైంది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమేవ్! చెవుడా నీకు? నేనే! పడవ ఇటు తిప్పమని చెప్పవే!"

ఫోన్లో అది మా ఆవిడ చెవిన పడ్డట్టుంది, తెడ్డు చప్పుడు ఆగింది. తర్వాత దగ్గరైంది. జాలరి నన్ను తన పడవలోకి లాగి, పలకరించకుండానే జాకెట్టు తొడిగి బకిళ్లు బిగించాడు. గట్టు చేరేదాకా నా మొహంలోకి చూడలేదు.

ఇంట్లో మా ఆవిడ తిట్టలేదు. తల తుడుస్తూ అడిగింది: "చెవుడా అన్నది మీరే. అంతకు ముందు పిలిచిందెవరండీ?"

"నేనే."

"కాదండి. అది ఏడుస్తున్న గొంతు. మీరు ఏడవరు."

ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అప్పటినుంచి మంచు పడ్డ పొద్దున ఎవరు పేరు పెట్టి పిలిచినా మా ఆవిడ పలకదు.