మేడం ఫోన్ చేయని మబ్బు

మా మేడం పోయారని పోయిన వారం కాలేజీ ల్యాబ్ అటెండర్ ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటట. నేనప్పుడు మడకశిర బస్సులో ఉన్నాను. పక్క సీటాయన కిటికీలోంచి మబ్బు చూపించి, ఈసారి విత్తనం పడేట్టుందని సంబరపడుతున్నాడు. మా అనంతపురం జిల్లాలో మబ్బును చూసి భయపడే మనిషిగా నేను మేడం ఒక్కరినే చూశాను. ఆ భయం నాకూ అంటించి పోయారు.

ఆమె మాకు విద్యుదయస్కాంత తరంగాల పాఠం చెప్పేవారు. పిడుగు పడితే దాని తరంగం స్తంభాల చుట్టూ, కంచెల చుట్టూ ఎలా పాకుతుందో కంప్యూటర్లో క్షణక్షణం లెక్కగట్టడం ఆమె పని. ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆ లెక్కను చీర అంచు గీసే గళ్ల కాగితంతో చెప్పేవారు. చోటునంతా చిన్న గళ్లుగా కోయాలి. ఒక గడి పక్క గడికి ఎంత అందిస్తుందో చూసుకుంటూ కాలాన్ని కొంచెం కొంచెంగా జరపాలి. తొందరపడి పెద్ద అడుగు వేశామా, అంకెలు అదుపు తప్పి తెర నిండా చెత్తే. అప్పుడు ఆమె తిట్టేవారు కాదు. టీ సాసర్లో పోసుకుని, అది చల్లారేదాకా మా ముఖాలు చూస్తూ కూర్చునేవారు. తిట్టినా బాగుండేది.

తెర మీది రంగులు చూసి మోసపోవద్దని పదే పదే చెప్పేవారు. అయినా మోసపోయాం. ముదిగుబ్బ దగ్గర ఒక గుట్ట మీద గాలిమర ఉంది. దాని పక్కనే గొర్రెల కాపరులు దొడ్డి వేసుకున్నారు. తోడేళ్ల భయానికి దొడ్డి చుట్టూ ఇనుప వల కట్టి, దాని కొసను గాలిమర కంచెకే బిగించారు. ఆ గుట్టనే మాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. మేం లెక్క నడిపితే పిడుగు బుద్ధిగా భూమిలోకి దిగిపోయింది. తెర మీద దొడ్డి నీలంగా, నిమ్మళంగా ఉంది. నేల కరెంటును ఎంత లాక్కుంటుందో ఆ విలువ ఎక్కడిదని మేడం అడిగారు. పుస్తకంలోదన్నాం.

"ఆ పుస్తకం రాసినోళ్ల ఊర్లో వానలు పడతాయప్పా. మన నేల యాడ తడిసింది? పోయి కొలుచుకొని రాండి."

కొలుచుకొచ్చాం. ఎండి బండబారిన నేల. ఆ విలువ వేసి నడిపితే, పిడుగును నేల తీసుకోలేదు. అది కంచె పట్టుకుని, వల పట్టుకుని దొడ్డంతా చుట్టింది.

మరునాడే మమ్మల్ని వెంటబెట్టుకుని గుట్ట ఎక్కారు. వల విప్పమని పెద్ద కాపరికి చెప్పారు. ఆయన మాకు నీళ్లిచ్చి, అంతా విని, నెమ్మదిగా అన్నాడు.

"వాన వస్తే కదమ్మా పిడుగు వచ్చేది. తోడేలు దినామూ వస్తాది."

వల కంచెను తాకకుండా కట్టుకోడానికి విడిగా రాతి కూసాలు, అంటే స్తంభాలు, పాతించమని మేడం గాలిమర ఆఫీసుకు వెళ్లి అడిగారు. ఇంతవరకు ఎవరైనా చచ్చారా అని వాళ్లు అడిగారట. తిరిగొచ్చి మాతో ఒక్క మాటే అన్నారు: "సచ్చినాక లెక్క ఎందుకప్పా?"

అప్పటినుంచి మబ్బు పడితే చాలు, పాఠం మధ్యలో ఆపి, కిటికీ దగ్గర నిలబడి ఆ కాపరికి ఫోన్ చేసేవారు. దొడ్డి వదిలి, వలకు దూరంగా పల్లంలో కూర్చోమనేవారు. ఆయన విసుక్కుంటూనే వెళ్లేవాడు. పెళ్లి పందిట్లోంచి కూడా ఆమె ఫోన్ చేయడం నేను చూశాను. అప్పట్లో మేం నవ్వుకునేవాళ్లం. ఒక్కరిని బతికించడం కోసం అంత చదువు చదవచ్చని నాకు నేర్పింది ఆమే.

ధర్మవరంలో మేడంను మట్టి చేసి తిరిగొస్తుంటే పడమర నల్లబడింది. కాపరి నంబరు నా దగ్గర లేదు. ముదిగుబ్బలో దిగి, ఆటో మాట్లాడుకుని, గుట్ట పరుగున ఎక్కాను. కాపరులందరూ గొర్రెలతో సహా దొడ్డిలోనే ఉన్నారు. బయటికి రమ్మని అరిచాను. పెద్దాయన వల పట్టుకుని నవ్వాడు.

"భయం లేదులేప్పా. ఇది ఉత్త మబ్బు. పిడుగుదైతే మేడం ఫోన్ చేసుండదా?"

ఆమె లేరని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. జేబులోంచి సెల్లు తీసి దానివంకే చూస్తూ నిలబడ్డాడు. రెండో చెయ్యి ఇంకా వల మీదే ఉంది. గుట్ట వెనక ఉరిమింది.