పొట్లాల్లోకి పోయిన ఆఖరి సంచిక

ఆ రోజుల్లో, అంటే కాలేజీకి పోగా మిగిలిన సమయమంతా మా మేనత్త స్టీలు సామాన్ల కొట్లో గడిపిన తొంభైల్లో, మా మడివాళ వీధికి లోకజ్ఞానం పాతపేపర్ల కొట్టు ద్వారానే వచ్చేది. ఆ కొట్టాయన్ని అందరం తక్కెడ మామ అనేవాళ్ళం. ఒకరోజు ఆయన దగ్గరికి తాడుతో కట్టిన ఇంగ్లండు పత్రికల కట్ట ఒకటి వచ్చింది. కొద్దిమంది మాత్రమే ప్రాణం పెట్టి చూసి, మిగతా దేశమంతా మరిచిపోయిన టీవీ సీరియళ్ళ కోసమే నడిచిన పత్రిక అది. (ఆ సీరియళ్ళలో ఒక్కటీ నేను చూడలేదు. మా టీవీలో వార్తలు చదివే ఆవిడ ముఖమే సరిగ్గా కనపడేది కాదు.) కట్టను పక్కనుంచి చూస్తేనే దాని చరిత్ర తెలిసిపోతోంది. అడుగున టైపు కొట్టి, నకళ్ళు తీసి, పిన్నులు వేసిన పల్చటి కాగితాలు. మధ్యలో రంగుల అట్టలు, ప్రకటనలు, బొద్దుతనం. పైకొచ్చేసరికి మళ్ళీ చిక్కిపోయింది. అన్నిటికంటే పైనున్న దాని అట్టమీద 'ఇదే ఆఖరి సంచిక, ఎందుకో లోపల చెప్తాం' అని ఉంది. అంత వైభవంగా నడిచింది ఎందుకు మూతపడింది? కొట్ల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలిసి తీరాలి.

కానీ అత్త నేర్పిన విద్య ఒకటుంది. కావలసిన వస్తువును ఆశగా చూడకూడదు. దాన్ని తిట్టి, వెనుదిరిగి, ధర తగ్గించి కొట్టాయన పిలిచే పిలుపు కోసం మెల్లగా నడవాలి. నేను ఆ సంచికను రెండు వేళ్ళతో ఎత్తి, "ఏం చెత్త మామా ఇది! పొట్లాలకు గూడా పనికిరాదు" అని పడేసి బయల్దేరాను. వీధి మలుపు దాకా నడిచాను. చెప్పు సరిచేసుకున్నాను. మామ పిలవలేదు.

మర్నాడు పోతే కట్ట ఉంది, పైది లేదు.

"అది ఏదీ మామా?"

"నువ్వే చెత్త అంటివి గదమ్మా. శెనక్కాయల అవ్వ అడిగితే ఇచ్చేస్తి. పొట్లాలకు బాగానే ఉండాదంట!"

అవ్వ బండి దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే సగం పత్రిక మడివాళ జనం చేతుల్లోకి పోయింది. మిగతాది పొట్లాలై నిలబడి ఉంది. అక్కడైనా నోరు తెరిచి అడగొచ్చు కదా! అడగలేదు. (ఆత్రం కనపడితే అవ్వ ధర బిగిస్తుందేమోనని భయం.) ఆకలి నటించి పొట్లం తర్వాత పొట్లం తిన్నాను.

"ఏం పాపా, ఇంట్లో కూడు పెట్టరా నీకి?" అంది అవ్వ జాలిగా.

ఎట్టకేలకు ఒక పొట్లం మీద సంపాదకుడి వీడ్కోలు దొరికింది. 'అందరూ అనుకుంటున్నట్టు పాఠకులు తగ్గి కాదు. మేం ఆపేయడానికి అసలు కారణం' అన్నంతవరకు ఉంది, ఆపైన చింపేసి ఉంది. మిగతా ముక్కలో ఎవరు శెనక్కాయలు తిన్నారో! కడుపునొప్పితో మంచమెక్కితే అత్త సంగతంతా విని, "తిట్టేది బాగానే నేర్చినావు. పిలవకపోతే సిగ్గిడిచి వెనక్కి పోవల్ల, అది నేర్పలే నేను" అంది.

ఏళ్ళు గడిచాయి. నేను కుందలహళ్ళిలో ఉద్యోగంలో కుదిరాక, లండన్‌లో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన మా టీం లీడరు ఒకసారి టీ తాగుతూ ఆ పత్రిక పేరే ఎత్తాడు. సంచికలన్నీ దాచుకున్నాడట. "ఎందుకు ఆపేశారో చదివితే ఆశ్చర్యపోతారు. ఆఖరిది తెచ్చివ్వనా?" అన్నాడు. ఇన్నేళ్ళకు దొరికిందనుకున్నాను. నోరు మాత్రం ఇంకా అత్త కొట్లోనే ఉంది. "అబ్బే, ఆ పాత కాగితాలు ఎవరికి కావాలండీ!" అని లేచి, లిఫ్టు వైపు మెల్లగా, చాలా మెల్లగా నడిచాను.

ఆయన మర్యాదస్థుడు. బలవంతపెట్టలేదు.

ఇప్పుడు ఫోనులో వెతికితే దొరకదా అంటారేమో. దొరుకుతుందేమో. కానీ ఎవరో వెనకనుంచి పిలుస్తారని ఇప్పటికీ ఆశ. అందుకే ఈ వయసులో కూడా మెల్లగానే నడుస్తుంటాను. మోకాళ్ళ నొప్పులనుకుంటారు అందరూ.