డబ్బీలో తెల్లబడుతున్న రూపాయి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ నమ్మడం లేదు. పైగా ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. నలుగురమూ బతికే ఉన్నాం, ముగ్గురం రోజూ ఉద్యోగాలకు పోయి వస్తున్నాం. అందుకే దీన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు. జరిగింది జరిగిన వరుసలో రాస్తాను.

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో నేను టెస్టింగ్ ఇంజినీరుని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో వెతకడం నా పని. మాది ఏలూరు వైపు. ఖాజాగూడలో రమేశ్ అనే స్నేహితుడితో కలిసి రెండు గదుల ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాను. నాకున్న ఒకే వ్యసనం పాత నాణేలు. దుకాణాల్లో కొనేంత స్తోమత లేదు కాబట్టి, చుట్టుపక్కలవాళ్లు పాత వస్తువులు అమ్ముకునే ఒక యాప్‌లో వెతికి కొంటాను. నచ్చనివి అక్కడే అమ్ముతాను.

ఆ యాప్‌లో మోసాలు ఎక్కువ. అందుకని కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ముందుగా డబ్బు పంపను. పట్టపగలు, మెట్రో స్టేషన్ దగ్గరే కలుస్తాను. జేబులో పట్టే తూకం మిషన్, అయస్కాంతం, భూతద్దం వెంట తీసుకెళ్తాను. అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లను, వాళ్ల కష్టసుఖాలు అడగను. అడిగితే బేరం ఆడలేం.

ఇంకొకటి ఉంది. తోమిన నాణెం కొనను. వెండి నాణెం ఏళ్ల తరబడి ఒకచోట పడి ఉంటే దాని మీద నల్లటి, నీలం కలిసిన పొర ఏర్పడుతుంది. తెలియనివాళ్లు దాన్ని మురికి అనుకుని చింతపండుతోనో టూత్‌పేస్టుతోనో తోమేస్తారు. మాకు ఆ పొరే కావాలి. అది పోతే మిగిలేది ఉత్త వెండి బిళ్ల.

పోయిన ఎండాకాలంలో ‘పాత వెండి రూపాయి, ఒక్కటే ఉంది, బాలానగర్’ అని ఒక ప్రకటన కనిపించింది. నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయి. స్టీలు పళ్లెంలో పెట్టి తీసిన ఫొటో. చార్మినార్ బొమ్మ మీద ఆ నలుపు ఎంత సమంగా పరుచుకుందంటే, దాన్ని మూడుసార్లు పెద్దది చేసి చూశాను.

అమ్మిన ఆమె పేరు కెజియా. ఐటీ కంపెనీల పక్కనే ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గరికి వచ్చింది. నేను మొదట అడిగింది తోమారా అనే.

“తోమలేదు సర్. మా నాయన పనిముట్ల డబ్బాల ఉండె. అట్లనే తెచ్చిన. తోమితే మంచిగ మెరుస్తది గదా?”

మెరిస్తే నాకు పనికిరాదండీ అన్నాను. ఆమె నవ్వింది. “మీ అసొంటోళ్లను ఇప్పుడే చూస్తున్న. మా దవాఖానల ఇంత మురికి కనబడితే మా ఇన్‌చార్జి సిస్టర్ నన్ను చంపుతది.”

తూకం సరిపోయింది. అయస్కాంతానికి అంటుకోలేదు. అంచు చుట్టూ ఉండే సన్న గీతలు అరిగిపోలేదు. నాన్నకు ఒంట్లో బాగోలేదని, ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేసే ఆయనకు ఇవ్వాలని చెప్పింది. నేను తల ఊపి, డబ్బిచ్చి వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఎప్పటిలాగా ఫొటోలు తీశాను. తెల్ల కాగితం, ఎడమ పక్క టేబుల్ లైటు, ఫోను స్టాండు. ప్రతి నాణేనికీ అదే దూరం, అదే వెలుతురు. తర్వాత గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూత బిగించి, నా గదిలోని డ్రాయర్‌లో ఉంచాను. ఆ డ్రాయర్‌లో అలాంటి డబ్బీలు ఇంకో ఇరవై మూడు ఉన్నాయి.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం తేమ పీల్చే గుళికల సంచులు మారుస్తుంటే తేడా కనిపించింది. చార్మినార్ బొమ్మకు కుడివైపు, పై మినార్ దగ్గర, చిక్కుడు గింజంత మేర నలుపు పలచబడింది. పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. వెలుతురు తేడా కాదు. తర్వాతి ఆదివారానికి అది కోలగా సాగి, బొటనవేలి ముద్ర అంత అయింది. అక్కడ వెండి తెల్లగా మెరుస్తోంది.

ముందు అనుమానం రమేశ్ మీదికి పోయింది. వాడిది కరీంనగర్. డబ్బీ తెచ్చి ముందు పెట్టి అడిగాను. వాడు సోఫాలోంచి లేవనైనా లేదు.

“నేను తిన్న ప్లేటే కడగను రా. నీ రూపాయి తోముతనా?”

సింకులో గిన్నెలు చూసి నమ్మాను. అయినా మూత చుట్టూ టేపు చుట్టి, టేపు మీద అడ్డంగా సంతకం చేసి పెట్టాను. వారం తర్వాత టేపు, సంతకం చెక్కుచెదరలేదు. మెరుపు మాత్రం మినార్ దాటి నడి బొమ్మ దాకా వచ్చింది. టేపు కోసి తూకం వేస్తే తేడా లేదు; మళ్లీ కొత్త టేపు చుట్టాను. కానీ ఆ నలుపు పొర చాలా పలుచన, నా తూకం మిషన్ అంత సూక్ష్మమైనది కాదు. కాబట్టి అది ఏ రకంగానూ సాక్ష్యం కాదు.

డబ్బీ ప్లాస్టిక్ తప్పయితే మిగతా ఇరవై మూడూ పాడవ్వాలి. అవన్నీ బాగానే ఉన్నాయి. చివరికి నాకు కుదిరినట్టు కనిపించిన కారణం ఒక్కటే. కొందరు కొత్త వెండికి మందులు పూసి పాత నలుపు తెప్పిస్తారు. అది నిలవదు, రాలిపోతుంది. నన్ను మోసం చేశారనుకున్నాను. యాప్‌లోనే ఆమెకు మెసేజ్ పెట్టాను. మీరు అమ్మిన నాణెం మీద రంగు కృత్రిమం, ఇలా చేయడం నేరం, డబ్బు వెనక్కి ఇవ్వండి అని. ఫొటోలు నాలుగు జత చేశాను. ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది. చదివినప్పుడల్లా సిగ్గేస్తుంది.

ఒక రోజు గడిచాక జవాబు వచ్చింది. “నేను మోసం చెయ్యలేదు. అయినా శనివారం ఇంటికి రండి, పైసలు వాపస్ ఇస్త. కానీ నాయన ముందట ఆ రూపాయి తియ్యకండి. అమ్మిన అని ఆయనకు తెల్వదు.”

ఇళ్లకు వెళ్లనన్న నియమం పక్కన పెట్టి వెళ్లాను. ఉదయం పదకొండు గంటలు. బాలానగర్‌లో వర్క్‌షాపుల వెనక సందు. ఎదురింటి షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మెషిన్ నడుస్తోంది. చిన్న ఇల్లు, గోడకు బైబిల్ వాక్యం ఉన్న క్యాలెండరు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు ప్రభుదాస్. ముప్పై ఏళ్లు అలాంటి లేత్ మీదే టర్నర్‌గా పనిచేశాడట. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పోయాయి.

ఆ కుడి చెయ్యి ఒళ్లో ఉంది. మిగతా చెయ్యి కదలడం లేదు కానీ, బొటనవేలు మాత్రం వంచిన చూపుడువేలి మీద మెల్లగా అటూ ఇటూ పోతోంది. ఒకే కొలతలో, ఆగకుండా. నేను నమస్కారం పెట్టినా ఆగలేదు.

కెజియా వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. రూపాయి అమ్మిన మర్నాడు ఫిజియోథెరపీ ఆయన వచ్చి, చేతి వేళ్ల మధ్య ఒక నాణెం పెట్టి తిప్పిస్తూ ఉండమన్నాడు. మామూలు పది రూపాయల బిళ్ల పెడితే జారిపోయింది. అప్పుడు వాళ్ల నాన్న ఎడమ చేత్తో గాలిలో పెద్ద గుండ్రం గీసి, పనిముట్ల డబ్బా వైపు చూపించాడు. అది ఆయన తల్లి ఆయనకిచ్చిన రూపాయి. ఏమడుగుతున్నాడో ఆమెకు వెంటనే అర్థమైంది.

“బీరువల దాచిన నాయన, రేపిస్త అన్న. ఆ రేపు ఇంక రాలే. చెయ్యి బాగైతదని థెరపీ సర్ చెప్పిన ఒక్క ఉపాయం అది. దాన్నే నేను అమ్ముకున్న.”

ఆ రోజు నుంచి ఆయన ఖాళీ చేత్తోనే మొదలుపెట్టాడు. పొద్దున ప్రార్థన అయ్యాక కూర్చుంటే భోజనం దాకా అదే పని. ఆమె చెప్పిన రోజులకూ నా ఫొటోల తేదీలకూ మనసులోనే లెక్క సరిపోల్చుకున్నాను. మొదటి మచ్చ నాకు కనిపించింది ఆ తర్వాతి రెండు వారాల్లోనే.

నేను ఏమీ అనకముందే ఆమె ఇంకో మాట చెప్పింది. “ఆ థెరపీ సర్ పోయినసారి వచ్చి, బొటనవేలుకు బలం వస్తుంది, దేనితోని చేపిస్తున్నరు అని అడిగిండు. ఏం చెప్పాలె?”

బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను. బొటనవేలి కొస నల్లగా ఉంది. బూడిద రంగు కలిసిన నలుపు, గీతల్లోకి దిగి ఉంది. పాత వెండిని ఎక్కువసేపు చేత్తో పట్టుకుంటే అంటుకునే నలుపు అది. నా వేళ్లకు చాలాసార్లు అంటింది కాబట్టి నాకు తెలుసు.

“దినాం సబ్బుపెట్టి కడుగుత. మల్ల అయితది,” అంది కెజియా. “ఏడ అంటుతుందో సమజైతలేదు. కుర్చీలకెళ్లి లేవనే లేవడు.”

రూపాయి ఉన్న నా బ్యాగును నేను ముట్టుకోలేదు. ఈ సంగతి మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుని చూసుకున్నాను. బ్యాగు నా కాళ్ల దగ్గర ఉంది, జిప్పు మూసి ఉంది. ఆయన ఎడమ చెయ్యి చాచి, ఆ బ్యాగు వైపే చూపించాడు. కెజియా ముఖం పాలిపోయింది. ఇక దాచడానికి ఏమీ లేదు. టేపు కోసి, రూపాయి తీసి, ఆయన కుడి అరచేతిలో పెట్టాను.

అది కింద పడిపోయింది. మళ్లీ పెట్టాను. బొటనవేలును సరిగ్గా ఆ తెల్లబడ్డ చోటే ఆనించాను. అతికినట్టు సరిపోయింది. కానీ వేళ్లు మూసుకోలేదు. మూడోసారి కూడా గచ్చు మీద మోగుతూ దొర్లిపోయింది. కెజియా ఏడుస్తోంది. ఆయన ఎడమ చేత్తోనే దాన్ని తీసుకుని, నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు నాలుగూ ఒక్కొక్కటిగా దాని మీద మూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగి గొంతులో గట్టిగా ఏదో శబ్దం చేశాడు.

ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. “నన్ను తిట్టిండు. మాట పోయినా తిట్టుడు బందు గాలే. తీస్కపోయి మీ తాననే పెట్టుకోమంటుండు అన్నా.”

నేను రాసిన మెసేజ్ తప్పండీ అన్నాను. డబ్బు మాట ఎవరమూ ఎత్తలేదు. నేను లేచేసరికి ఆయన బొటనవేలు ఖాళీ చూపుడువేలి మీద మళ్లీ కదులుతోంది.

రూపాయిని తెచ్చి అదే డబ్బీలో, అదే డ్రాయర్‌లో పెట్టాను. ఆదివారాలు ఫొటో తీయడం మానలేదు. వానలు మొదలయ్యేనాటికి చార్మినార్ వైపు దాదాపు అంతా తెల్లబడింది. తర్వాత ఒక ఆదివారం వెనకవైపు రెండు కొత్త మచ్చలు కనిపించాయి, పక్కపక్కన, చూపుడువేలు, నడిమి వేలు ఆనేచోట. నేను కెజియాకు ఆ సంగతి చెప్పలేదు. నాన్నగారు ఎలా ఉన్నారని మాత్రం అడిగాను. బుధవారం నుంచి స్పూను పట్టుకుంటున్నాడు, ఉప్మా సగం మీద పోసుకుంటున్నాడు, అయినా తినిపిస్తే ఊరుకోవడం లేదు అని రాసింది.

నేను ఆలోచించినవన్నీ ఆలోచించాను. గాలి, తేమ, మందులు, నా జ్ఞాపకం తప్పు కావడం, ఆయన వేలికి ఇంకేదో అంటడం. విడివిడిగా ఒక్కోదానికి ఒక్కో కారణం దొరుకుతుంది. అన్నింటికీ కలిపి సరిపోయేది దొరకలేదు. రమేశ్‌తో చెబితే, కెమెరా పెట్టి చూడరా, తెలిసిపోతది అన్నాడు. సరైన మాటే. నా దగ్గర పాత ఫోను ఒకటి ఖాళీగా ఉంది. డ్రాయర్ సగం తెరిచి, స్టాండు బిగించి, నిమిషానికో ఫొటో తీసేలా అమర్చాను. నొక్కడమే తరువాయి.

అలా కాసేపు నిలబడి, స్టాండు విప్పేశాను. చూస్తూ ఉంటే ఆగిపోతుందేమో అనిపించింది. ఆగితే ఆగేది నా డ్రాయర్‌లో కాదు.

ఇప్పుడు ఆయన చొక్కా గుండీలు నేర్చుకుంటున్నాడు. పై రెండూ పెట్టుకోగలడు, కింది మూడూ రావడం లేదు. పోయిన ఆదివారం ఫొటోలో నాణెం రెండు వైపులా తెల్లగా ఉంది. అంచు వెంట గోరు మందాన మాత్రం నలుపు మిగిలింది. ఇది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. ఆ మిగిలిన నలుపు కూడా అయిపోయాక ఏమవుతుందో అంతకన్నా తెలియదు. మూడు గుండీలకు అది సరిపోవాలని మాత్రం డ్రాయర్ మూసేటప్పుడు అనుకుంటున్నాను.