లైటు చుట్టూ రింగు

మా బావకు చూపు పోతోందని అందరికన్నా ముందు తెలియాల్సింది నాకు. తెలియకపోతే అదో దారి. ఆయన నోరు తెరిచి చెబితే నేను నవ్వాను. ఈ సంగతి మా అక్కకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందన్న నమ్మకం కూడా లేదు, అందుకే రాస్తున్నాను.

బావ కార్ల లైట్లు చూసే ఎలక్ట్రీషియన్. నేను కార్లకు రంగులు వేస్తాను. నా నోటి దురుసుకు మూడు గ్యారేజీల వాళ్లు నన్ను బయటికి నెట్టాక, నాలుగోచోట ఎవరూ రానివ్వకపోతే, బావ తన రేకుల షెడ్డుకు మధ్యలో ప్లైవుడ్ అడ్డం కొట్టి సగం నాకిచ్చాడు. పద్దెనిమిదేళ్లయింది. అటు ఆయన వైర్లు, ఇటు నా డబ్బాలు. నాకు ముక్కు మీద కోపం. ఆయనకు ఎంత గిల్లినా కోపం రాదు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

పాత కార్ల హెడ్‌లైట్లలో రింగులు పెట్టడంలో ఆయనది పేరుపడ్డ చెయ్యి. బల్బు చుట్టూ తెల్లగా గుండ్రంగా వెలుగుతాయి చూడండి, అవి. కొత్త కార్లకు కంపెనీ నుంచే వస్తాయి. ఇరవై ఏళ్లనాటి కారున్నవాడికి వాటిని చూస్తే మనసు ఆగదు, తిన్నగా బావ దగ్గరికి వస్తాడు. బావ బంపర్ విప్పి, లైటును మొత్తంగా బయటికి తీసి, అక్క వంటింట్లోంచి గెంటేసిన పాత ఓవెన్‌లో పెడతాడు. అద్దాన్ని అంటిపెట్టుకున్న నల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. అప్పుడు అంచు వెంట స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా, బతిమాలినట్టు లేపాలి. తొందరపడితే అద్దం పగులుతుంది, పాత కారు అద్దం మళ్లీ దొరకదు. లోపలి వెండి పూతకు వేలు తగిలితే ఆ మచ్చ ఇక పోదు. రింగు అతికించి, వైరు వెనక్కి లాగి, షెడ్డు షట్టర్ దించి చీకటి చేసి, వెలిగించి చూసుకుని మరీ మూస్తాడు. రోజుకు పదిసార్లు ఆ షట్టర్ దిగేది. ప్రతిసారీ నా సగం కూడా చీకటయ్యేది, నేను ఇటునుంచి తిట్టేవాణ్ని.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం పని కట్టేసి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. వీధి లైట్లు అప్పుడే వెలిగాయి. బావ గ్లాసు చేతిలో పెట్టుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏ లైటు చూసినా చుట్టూ రింగు కనిపిస్తోందిరా. రంగులు కూడా ఉన్నాయి," అన్నాడు.

"పొద్దస్తమానం రింగులు పెట్టేవాడికి రింగులు కాక రంభ కనిపిస్తుందా బావా?" అన్నాను.

కొట్టు దగ్గరున్న నలుగురూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. నా మాటకు జనం నవ్వితే నాకు ఆ పూట తిండి అక్కర్లేదు. మర్నాడు ఇంకో నలుగురికి చెప్పాను. ఆ వారం తిరిగేసరికి బావ టీ కొట్టుకు వస్తే "ఏం మేస్త్రీ, ఇవాళ ఎన్ని రింగులు?" అని పలకరించడం అలవాటైపోయింది. ఆయన వేళ్లు చూపించేవాడు, రెండనో మూడనో. ఇంకెప్పుడూ ఆ మాట నాతో సీరియస్‌గా ఎత్తలేదు.

తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. సాయంత్రమైతే నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. జిగురు పొగ అని అక్క తేల్చేసి షెడ్డుకో ఫ్యాన్ పంపింది. నడుస్తూ నడుస్తూ జాకీకి తన్నుకునేవాడు. ఒకరోజు పక్కనే ఉన్న నా ఎర్ర పెయింటు డబ్బా తన్నేశాడు, అదీ అప్పుడే కలిపిన రంగు. కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావని వీధంతా వినబడేలా అరిచాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గుడ్డతో నేల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు, పక్కన పారుతున్న రంగు వదిలేసి. అది చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు. ఈయనకు పని మీద శ్రద్ధ తగ్గిందనుకున్నాను.

పోయిన వానాకాలంలో డ్రైవింగ్ స్కూలు ఆవిడ తన కారు తెచ్చింది. ఇరవై రెండేళ్ల బండి. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టడం ఆ బండిలోనే నేర్పిందావిడ. రంగు నేను వేశాను, రింగులు బావ పెట్టాడు. తీసుకెళ్లిన మర్నాడు మధ్యాహ్నమే తిరిగొచ్చింది. మబ్బు పట్టి షెడ్డంతా మసకగా ఉంది. కుడి పక్క రింగు వెలగట్లేదంది. బావ స్విచ్చు వేసి, కారు ముందు నిలబడి చూసి, రెండూ వెలుగుతున్నాయి కదమ్మా అన్నాడు. ఆవిడ గొంతు పెరిగింది. నన్నేమన్నా పిచ్చిదాన్ననుకుంటున్నారా అని ఆవిడ అడగడం ప్లైవుడ్ ఇటునుంచి విన్నాను.

మా బావను ఇంకొకరు మాటంటే నేను ఊరుకోను, అనాలంటే నేనే అనాలి. స్ప్రే గన్ పట్టుకునే అటు పరిగెత్తాను. వెళ్లి చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. ఎడమ పక్క రింగు తెల్లగా ఉంది. కుడి పక్క ఉత్త బల్బు వెలుగుతోంది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్లలో ఏనాడూ అబద్ధమాడి పని అంటగట్టని మనిషి, ఇదేం బుకాయింపు అనుకున్నాను. ఆ మాటే పైకి అనేశాను కూడా.

ఆయన ముఖంలో దొరికిపోయిన మనిషి సిగ్గు లేదు. అర్థంకాక చూస్తున్నాడు. వెలుతురుకి మీకు ఆనట్లేదేమో, షట్టర్ దించమన్నాడు. దించాను.

"ఇదిగో చూడు," అన్నాడు. "ఎడమదానికన్నా కుడిదే బాగుంది. రంగులు కూడా పడుతున్నాయి."

ఆయన పెట్టిన రింగుల్లో రంగులుండవు. తెలుపు ఒక్కటే. రంగులన్న మాట ఆయన నోట ఇంతకుముందు ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి రింగుల ఫ్యూజు పీకేశాను. ఎడమది కూడా ఆరిపోయింది. ఇక మిగిలింది రెండు బల్బులే.

"ఇప్పుడెన్ని ఉన్నాయి బావా?"

"రెండూ ఉన్నాయిగా," అన్నాడు. అంతలోనే ఫ్యూజు పీకిన నా చేతి వైపు వెతుక్కుంటూ తల తిప్పాడు. "లేవా?"

షట్టర్ ఎత్తాను. డ్రైవింగ్ స్కూలు ఆవిడ కోపం ఎటు పోయిందో పోయింది. లైసెన్సులకు వచ్చేవాళ్లను చూసీ చూసీ ఆవిడకు చూపు పరీక్షించడం అలవాటు. బావను గోడ మీది స్విచ్చు వైపే చూస్తూ ఉండమని, తన చెయ్యి కనిపించగానే చెప్పమని, వెనకనుంచి కుడి చెవి పక్కగా చెయ్యి ముందుకు తెచ్చింది. చెవి దాటింది, దవడ దాటింది. ముక్కు దగ్గరికి వచ్చేదాకా బావ ఏమీ అనలేదు. ఎడమ పక్క కాస్త నయం. రోజూ ఎలా వస్తారని అడిగింది. స్కూటర్ మీద అన్నాడు. ఈ రోజు నుంచి ముట్టుకోవద్దని చెప్పి, మమ్మల్నిద్దర్నీ ఆ కారులోనే ఎక్కించుకుని కళ్లాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ చుక్కలు వేశారు, గడ్డం ఆనించి మిషన్లో చూశారు, తెల్ల గిన్నెలాంటి దాన్లోకి తల పెట్టించి వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. గదిలో బటన్ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చాలాసేపటికొకటి వినిపించింది.

డాక్టరు మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేసింది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంట్లో నడిమి చూపు కాస్త మిగిలింది, దాన్నైనా నిలబెట్టడానికి లేజర్ చేసి చుక్కల మందు రాస్తానన్నాడు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"లైట్ల చుట్టూ రంగుల రింగులు కనిపించడం ఎన్నాళ్లబట్టి?" అని అడిగాడు.

"రెండేళ్లవుతుందండీ."

డాక్టరు రాయడం ఆపాడు. "అప్పుడే వచ్చుంటే చాలావరకు నిలిచేది. ఇంట్లో, పక్కవాళ్లకి, ఎవరికీ చెప్పలేదా?"

నేను బావ కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను.

"లేదండీ," అన్నాడు బావ. "ఎవరికీ చెప్పలేదు."

  ఎక్కడబడితే అక్కడ అడక్కపోయినా వాగే నా నోరు, ఒక్క నిజం చెప్పాల్సిన చోట పనిచేయలేదు.

ఇంటికొచ్చాక అక్క ఏడవలేదు, తిట్టింది. నోట్లో నాలుక లేదా అంది. రెండేళ్లు కడుపులో పెట్టుకుని ఏం బావుకున్నావంది. బావ మంచం మీద తల వంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి నా వైపు తిరిగింది. "పొద్దంతా పక్కనే ఉంటావు కదరా, నీతో కూడా అనలేదా?" అనలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. నా తల ఊగడం ఆయనకు కనిపించిందో లేదో తెలియదు. అనలేదులే, వాడేం చేస్తాడు అన్నాడు అక్కతో.

లేజర్ అయిన రెండు వారాలకు, డ్రైవింగ్ స్కూలు ఆవిడ కారు లైటును బావ తానే బాగుచేసి ఇస్తానని పట్టుబట్టాడు. వద్దన్నా వినలేదు. ఓవెన్‌లో వేడిచేసిన లైటును ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో అంచు తడుముకుంటూ జిగురు లేపాడు. అద్దం పగల్లేదు. వెండి పూతకు వేలు తగల్లేదు. రింగు వెనక టంకం టాకా ఊడిన వైరు కూడా వేలి కొసతోనే పట్టుకున్నాడు. టాకా మాత్రం నన్ను వేయమన్నాడు. నేను చోటు తప్పితే నా మణికట్టు పట్టుకుని సరైన చోటికి దించాడు.

"వెలిగిందా?"

"వెలిగింది బావా."

"రంగులేం లేవుగా?"

"లేవు. తెల్లగా ఉంది."

అద్దం మూసి జిగురు ఒత్తుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆ రోజు నువ్వు నవ్వకపోయినా నేను డాక్టరు దగ్గరికి వెళ్లేవాణ్ని కాదులే. పని వదిలేసి ఎవడు పోతాడు? నేనైతే పోను. నా సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. అబద్ధమాడేటప్పుడు ఆయనకు మాటలు ఎక్కువవుతాయి. ఆ సాయంత్రం గ్లాసు కింద పెట్టి పద బావా అని ఉంటే, మారు మాట్లాడకుండా నా వెనకాల వచ్చేవాడు. నేనేది చెప్పినా చేసే మనిషి ఆయన. నా కోసం షెడ్డు సగానికి కోసుకున్నవాడు.

ఇప్పుడు ఆయన సగం కూడా నాదే. ప్లైవుడ్ తీసేశాను. ఓవెన్ మీద పాత గుడ్డలు పడున్నాయి. ఆయన రోజూ నాతో వస్తాడు, స్టూలు వేసుకుని కూర్చుంటాడు. సాయంత్రం నా భుజం మీద చెయ్యేసి టీ కొట్టుకు నడుస్తాడు.

నిన్న మేం వెళ్లేసరికి వీధి లైట్లు వెలుగుతున్నాయి. చాలాకాలానికి ఊళ్లోకొచ్చిన లారీ డ్రైవరొకడు, బావ సంగతి తెలియనివాడు, బెంచీ మీదనుంచి కేకేశాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ ఎన్ని రింగులు?"

కొట్టులో అందరూ తలలు వంచుకున్నారు. బావ గొంతు వచ్చిన వైపు తిరిగి నవ్వి, ఎప్పటిలాగే రెండు వేళ్లు చూపించాడు. ఇంతకన్నా చిన్నమాటకు మనుషుల కాలర్లు పట్టుకున్నవాణ్ని నేను. కదల్లేదు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. కొట్టువాడు ఇచ్చిన గ్లాసు తీసుకుని, బావ చెయ్యి పట్టుకుని అందులో పెట్టాను. వేడిగా ఉంది, అంచు పట్టుకో అన్నాను.