మిరపకాయల బస్తాలో పుస్తకం

నా బల్ల మీదున్న ఈ ముప్పై పేజీల పుస్తకానికి ఇంకా ఎండుమిరపకాయల ఘాటుంది. ఇన్నేళ్ళకి ఎక్కడ ఉంటుందని మావారు నవ్వుతారు గానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు తుమ్మొస్తుంది, ఆ తుమ్ము నిజమైందేనా అని అనుమానమొచ్చి ఇంకోసారి వాసన చూస్తాను. నాకు ప్రతిదీ అనుమానమే. ఈ గుణం మా అమ్మ నుంచి వచ్చింది.

దర్శి దగ్గర మా ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పత్తి తీతలయ్యేసరికి మా ముందుగది నిండా తెల్లటి పత్తి, అందులో దూకి నూగు ముక్కుల్లోకి పోయి దగ్గుతూ తిన్న దెబ్బలు, ఆ పత్తి బండెక్కగానే కల్లం మీద ఎర్రగా పరుచుకునే మిరపకాయలు, మట్టల ఆదివారం నాటికి చర్చిలో పాటల కంటే ఎక్కువగా వినపడే తుమ్ములు, ఈస్టరుకి గారెలు, కోడికూర. కాయల్లో మంచివి ఏరి, ఇంటి కారానికని ఒక బస్తాకెత్తి పడమటి గదిలో పెట్టేవాళ్ళం. ఆ ఘాటుకి అమ్మకి ఆయాసం వచ్చేది. అందుకని ఇంట్లో అమ్మ గడప తొక్కని గది అదొక్కటే.

మిగతా ఇల్లంతా అమ్మ కళ్ళకిందే ఉండేది. అమ్మ చిన్నతరగతుల టీచరు. ఇన్లాండు లెటరొస్తే చించేముందు వెలుతురుకి పట్టి చూసేది. పురుగుమందుల షాపు క్యాలెండరు కాగితాలతో మేము పుస్తకాలకి అట్టలు వేసుకుంటే, మడతలు విప్పి దులిపేది. అనుమానమంతా ఒకటే, మగపిల్లాడు. మా అక్క సునీత గుంటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఏ అబ్బాయి పేరైనా బయటపడితే చదువు మాన్పించి పెళ్ళి చేస్తానని అమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. అంటే చేసే మనిషే. అందుకే అక్క స్నేహితురాలు విమల సెలవులకి మా ఇంటికొస్తే అమ్మకి ప్రాణం కుదుటపడేది.

"పక్కన ఆడపిల్లుంటే నాకు భయమేందే? ఒకళ్ళకొకళ్ళు కాపలా" అని విమల కంచంలో రెండు గారెలు ఎక్కువ వేసేది.

విమల వెళ్ళిపోయాక అమ్మ నాకు వేరే పని అప్పజెప్పింది. "చిన్నీ, అక్క మీద ఓ కన్నేసి ఉంచవే" అంది. పదమూడేళ్ళ నాకు ఉద్యోగం దొరికినంత సంబరమైంది. ఆ వేసవిలో కాయల పనైపోయి, కల్లం ఊడ్చేశాక కూడా అక్క మధ్యాహ్నాలు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ కనిపించింది. నేనింకా అడగనేలేదు, "అంట్లు తోమాన్లే, మండుతున్నాయి" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ రోజు అంట్లు తోమింది నేను.

అమ్మా అక్కా చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళిన మధ్యాహ్నం, పడమటి గదిలో మిరపకాయల బస్తా మూతి విప్పి మోచేతిదాకా చెయ్యి దూర్చాను. ఏ కుర్రాడి ఉత్తరమో దొరుకుతుందనుకున్నాను. క్యాలెండరు అట్ట వేసిన పుస్తకం దొరికింది. జెరాక్సు కాపీ, అచ్చ తెలుగులో ఉంది. హైదరాబాదులో ఎవరో కొందరు కలిసి వేశారట. అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయిలకీ, అబ్బాయిల్ని ఇష్టపడే అబ్బాయిలకీ, ఒంటికీ మనసుకీ పొంతన కుదరక నలిగిపోయేవాళ్ళకీ రాసింది. ఇది జబ్బు కాదు, నువ్వొక్కదానివే కాదు, మాట్లాడాలనిపిస్తే ఈ పోస్టుబాక్సుకి ఉత్తరం రాయి అని ఉంది. ఇదేదో పిల్లల్ని మోసం చేసే వ్యవహారమని మొదట అనుమానించాను. తర్వాత ఒక పేజీ పక్కన విమల గుండ్రటి చేతిరాత కనపడింది. "సునీ, ఇది మన గురించే." చివరి పేజీ ఇంట్లోవాళ్ళ కోసం. మీకు తెలిసిపోతే, తెలిసిందని మీవాళ్ళతో చెప్పండి, మీరు మాట్లాడకపోతే వాళ్ళు భయపడతారు అని ఉంది. రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది. ఆ చేతులతోనే కళ్ళు నలుపుకున్నాను.

పుస్తకం బస్తాలో కుక్కి, నీళ్ళ తొట్టి దగ్గర గెంతుతుండగా అమ్మా అక్కా వచ్చారు.

"ఏందే ఆ కళ్ళు? పడమటి గదిలో నీకేం పని? ఏమన్నా దొరికిందా?" అంది అమ్మ.

అమ్మ నన్ను చూస్తోంది. అక్క పడమటి గది తలుపుని చూస్తోంది.

"రోటిపచ్చడికి నాలుగు కాయలు తెద్దామని పోయానమ్మా. ఏం లేదు."

అంత అబద్ధం అంత బాగా ఆడినందుకు లోలోపల పొంగిపోయాను. అక్కని చచ్చినా పట్టివ్వకూడదనుకున్నాను, పట్టివ్వలేదు. అక్కతోనూ ఒక్క ముక్క అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు, సిగ్గేసింది. నోరు మూసుకోవడమే ప్రేమని సర్దిచెప్పుకున్నాను. మర్నాటికి బస్తాలో పుస్తకం లేదు. అప్పట్నుంచి అక్క నా చేత జడ వేయించుకోవడం మానేసింది, నేను గదిలోకొస్తే ఏదో పనున్నట్టు లేచిపోయేది. డిగ్రీ చదువుతున్నానని పొగరేమోనని నేను అనుమానపడ్డాను. రెండేళ్ళ తర్వాత, ఉద్యోగం దొరికాక, అక్కే నోరు తెరిచి ఇంట్లో చెప్పేసింది. కంచే చేను మేసిందని అమ్మ ఏడ్చి, ఏడాది పాటు తనతో మాట్లాడలేదు.

ఇప్పుడు అక్కా విమలా మంగళగిరిలో ఉంటున్నారు. ముందుగదిలో ఒక అలమర నిండా ఇలాంటి పుస్తకాలే. ఆదివారాలు కాలేజీ పిల్లలొస్తారు, ఒక్కోసారి వాళ్ళ వెనకే మా అమ్మ చూపుతో తల్లులొస్తారు. పోయిన నెల ఈ పాత పుస్తకాన్ని మళ్ళీ టైపు చేయించమని అక్క నాకిచ్చింది. ఇస్తూ చివరి పేజీ అంచున ఎర్రగా అంటిన వేలిముద్ర చూపించి, "ఇది నీదేగా" అంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. నీ కళ్ళు చూడగానే."

"నేనెవరికీ చెప్పలేదుగా అక్కా!"

"చెప్పలేదని నాకేం తెలుసే? ఇవాళ చెప్తావేమో, రేపు చెప్తావేమో అని రెండేళ్ళు నిన్ను చూస్తే నాకు ముద్ద దిగేది కాదు."

మా కల్లం ఇప్పుడు ఇళ్ళ స్థలాలైంది, కాయలు చేలోంచి నేరుగా కోల్డు స్టోరేజీకి పోతున్నాయి, పడమటి గది పడగొట్టాం, మా ఇంట్లో కారం కూడా ప్యాకెట్లో వస్తోంది. క్యాలెండరు అట్ట వేసుకునే పిల్లలు కనపడరు. అమ్మ అనుమానాలకి అక్క ఎప్పుడో అలవాటు పడిపోయిందట. ఆ ఇంట్లో తను భయపడింది నాకు.

టైపు పనైంది. ఇంట్లోవాళ్ళ కోసం రాసిన ఆ చివరి పేజీని ఈసారి మొదటి పేజీగా వేయించాను.