మా అత్త తిరుపతిలో అమ్మిన జీడిపప్పు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను తడ దగ్గరి ఒక ఊరికి కోడలిగా వెళ్లాను. మా అత్తకు ఇసుక నేలలో జీడిమామిడి తోట ఉండేది. మామ పోయాక దాన్ని ఆమే చూసుకునేది. ఏటా ఎండాకాలంలో మద్రాసు వ్యాపారి ఒకాయన వచ్చి పచ్చిగింజలు బండ్లకెత్తుకుని పోయేవాడు. ఆయన చెప్పిందే ధర.

ఆ ఏడు ఆయన వాకిట్లోనే నిలబడి, "ఓడలు పోవడం లేదక్కా. సగం ధరకైతే ఎత్తుకుంటా, లేదంటే ఉండనీ," అన్నాడు.

"పప్పు తినేది ఓడలా అబ్బా? మనుషులు యాడికి పోయినారు?" అంది అత్త.

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. గది నిండా ఉన్న గింజలు చూస్తే నాకు భయమేసింది.

మరునాడే అత్త పెరట్లో పొయ్యి వేయించింది. గింజలు కాలుస్తుంటే తొక్కలోని నూనె భగ్గుమని చిమ్మేది, పడిన చోట బొబ్బలెక్కేది. నూనె అంటకుండా ఆమే నా చేతులకు బూడిద పూసి, "మెల్లిగా కొట్టు మే, పప్పు ఇరగకుండా," అనేది.

పొట్టు తీసిన పప్పు మూటగట్టుకుని ఇద్దరం రైలెక్కి, గూడూరులో బండి మారి తిరుపతి చేరాం. మొదటి అంగడిలో మూట విప్పి చూసి వద్దన్నారు. రెండో అంగడి పెద్దాయన పిడికెడు పప్పు అరచేతిలో పోసుకున్నాడు.

"గుండ్లు, బద్దలు, నూక అంతా కలిపేసినారు కదమ్మా. ఇట్లయితే ఎవురైనా నూక ధరే ఇస్తారు. ఏరుకొని రాండి. ఇరగని గుండ్లు యాత్రికులు కొంటారు, బద్దలు హోటలోళ్లకు పోతాయి, నూక పాయసానికి."

"ఏరేదానికి మళ్లీ ఊరికి పోవాల్నా అన్నా?" అంది అత్త దిగులుగా.

"ఎందుకమ్మా? ఈడనే కూసోండి."

అరుగు మీద చాప పరిపించి, చేటలూ మంచినీళ్లూ పంపాడు. పొద్దు వాలేసరికి మూడు కుప్పలయ్యాయి. దేని ధర దానికి కట్టాడు. పచ్చిగింజలకు వ్యాపారి ఇస్తానన్నదాని కంటే బాగా ఎక్కువే వచ్చింది. మా పప్పంతా నూక ధరకే కొనేసి, తానే ఏరించుకుని ఆ లాభం ఆయనే తినొచ్చు. తినలేదు. ఇప్పటికీ ఆయన్ని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మరుసటి ఏడు మద్రాసు వ్యాపారి తనంతట తానే ధర పెంచాడు. అత్త సగం గింజలే ఇచ్చింది, మిగతావి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి కొట్టించింది.

తిరుపతికి వెళ్లినప్పుడల్లా బేరానికి నన్నే ముందు కూర్చోబెట్టేది. పుట్టింట్లో నలుగురి ముందు నోరు విప్పి ఎరగను. అంగడి వాళ్లు ధర అడిగితే, "నాకేం తెలుసప్పా, మా కోడలినడగండి," అని కొంగుతో మొహం తుడుచుకుంటూ పక్కకు జరిగేది.