మేళంలో తాత చోటు

ఉప్పల్‌లో బ్యాండు దుకాణం ముందు ఎర్రకోటు ఆరేసి ఉంటే ఆగిపోయాను. చెమటా ఇత్తడి పాలిషూ కలిసిన ఆ వాసన, నాచారంలో మాతో పెరిగిన మీకూ గుర్తుందా?

మా నాన్న మేళంలో యాదగిరి తాతది క్లారినెట్. పళ్లూడి ఊదలేకపోయినా నాన్న ఆయనకు కోటు తొడిగి వరుసలో నిలబెట్టేవాడు. శబ్దం రాకపోయినా తాత వేళ్లు పాట తప్పేవి కావు.

"నాయినా, తాత ఊదుతలేడు గదా, ఎందుకు తీస్కపోతున్నవ్?" అని అడిగాను.

"ఆయన లేకుంటే మనం ఊదెటోళ్లమే బిడ్డా, మేళం గాదు."

తాత పోయిన రోజు పాడె ముందు మేళం నడిచింది, వరుసలో ఆయన చోటు వదిలి. ఇరుకు గల్లీలో భుజాలు గోడలకు ఒరుసుకున్నాయి గానీ, ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.